విస్తరాకుల లెక్క

శ్రావణం: శబరి ఒడ్డున ఉన్న మా బజారు ఊరికి గత్తర వచ్చింది. పట్నం వాళ్ళు దానినే కలరా అంటారు. మా ఇంట్లో అందరికంటె చిన్నది, నా చెల్లెలు, ఒక్క పగటిలో పోయింది. దీనిని ఒకరు చేసిన అన్యాయంగా నేను లెక్కించడం లేదు. తరువాతి వాటికన్నిటికీ ఇది మొదలు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

భాద్రపదం: విచారణకు వచ్చిన అధికారి మా గడప ముందు నిలబడి, "ఈ ఇంట్లో గత్తరతో ఎవరైనా చనిపోయారా?" అని అడిగించాడు. మా అమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమె చెప్పిన నిజాన్ని ఆమె మీదనే సాక్ష్యంగా రాసుకున్నారు.

అదే నెల చివర: మా బావిని మూసివేయమని ఉత్తరువు వచ్చింది. బావి నోటికి వెదురు తడక కట్టి, దాని మీద రేగుకంప పరిచారు. ఉత్తరువు నకలు అడిగాము. ఇవ్వలేదు.

ఆశ్వయుజం: దసరాకు జగదల్‌పూర్ వెళ్ళివచ్చిన వాళ్ళు తోంగ్‌పాల్ దాకా దారి పొడుగునా మా బావిని 'గత్తర బావి' అని చెప్పుకుంటూ వచ్చారు. సంతకు వచ్చేవాళ్ళు మా అరుగు మీద కూర్చోవడం మానేశారు.

పుష్యం: మేము కష్టపడి తీసిన లెక్కను కచేరీలో తీసుకున్నారు. తీసుకున్నట్టు రసీదు ఇవ్వలేదు.

వైశాఖం: నోటిమాట మీద బావి తెరిచారు. మూసినది పొరపాటు అని ఎక్కడా రాయలేదు.

ఆ తరువాత సంస్థానం విలీనమైంది. కాగితాలు మూటలు కట్టి బండ్ల మీద తీసుకుపోయారు. నేను జాబులు రాస్తూ వచ్చాను. ఒక్కదానికీ జవాబు లేదు.

తిథులూ వారాలూ నా పుస్తకాలలో ఉన్నాయి. చదివేవారికి నెలలు చాలు. నాకు ఎనభై దాటాయి. ఈ కోపాన్ని ఇంతకాలం పదిలంగా దాచుకున్నందుకు నేను సిగ్గుపడను. కాని ఈ పుటలు రాస్తున్నది కోపంతో మాత్రమే కాదు. ఆ యేడు బస్తరు సంస్థానపు ఒక మూలన, మూడు నాలుగు భాషల మనుషులం కలిసి, ఎవరూ మాకు నేర్పని ఒక లెక్కను తప్పు లేకుండా తీశాము. మా అమ్మ ఆ లెక్కలో తన వంతు జవాబు తనే చెప్పుకుంది. నా బతుకులో నేను గర్వంతో తలెత్తి చెప్పుకోదగిన పని అది ఒక్కటే అన్నా నాకు చింత లేదు.

మా తాత గోదావరి దిక్కునుంచి ఉప్పు పడవల వెంట వచ్చి ఈ బజారులో కొట్టు పెట్టుకున్నాడు. ఇప్పపువ్వు, చింతపండు, చారపప్పు కొని, ఉప్పు, పొగాకు, బట్ట అమ్మేవాళ్ళం. ఇంటి వెనుక బావి ఆయనే తవ్వించాడు. దాని పెత్తనం మా అమ్మది. బావికి ఆమె పెట్టిన నియమం ఒకటే: ఆమె ఇత్తడి బిందె తప్ప మరొక పాత్ర అందులో దిగకూడదు. ఈ నియమం మొదట మడి కోసం పుట్టింది. దానిని నేను దాచను. కాని అమ్మ చేతికి వచ్చాక అది అందరికీ ఒకటే అయింది. అడవి పల్లెల దోర్ల తెగ రైతు దొప్పకైనా, కచేరీ జవాను చెంబుకైనా ఆమె బిందెలోంచే పోసేది. సంత నాడు పొద్దు పొడిచింది మొదలు ఎండ తగ్గేదాకా అరుగు చివర నిలబడి నీళ్ళు పోస్తూనే ఉండేది. తహసీలు జవాను ఒకసారి తన బొక్కెన దించబోతే, "నీ బొక్కెన గుర్రాన్ని కడిగినదా, గేదెను కడిగినదా నాకెట్ల తెలుస్తది నాయనా" అని చేయి పట్టుకు ఆపింది. జవాను నవ్వి చెంబు చాపాడు.

అటువంటి బావిని మూశారు.

మూసిన కారణం మాకు తరువాత ఒక గుమాస్తా నోట తెలిసింది. అధికారి బజారులో ప్రతి ఇంటికీ, చుట్టుపక్కల దోర్ల పల్లెలలో ప్రతి ఇంటికీ మనుషులను పంపి ఒకే ప్రశ్న అడిగించాడట. బజారులో కొన్ని ఇళ్ళవాళ్ళు 'అవును' అన్నారు. పల్లెలలో ప్రతి ఇంటివాళ్ళూ 'లేదు' అన్నారు. చావులన్నీ బజారులో ఉన్నాయి, బజారు తాగేది ఒకే బావి, కనుక రోగం బావిలో ఉంది. ఇది ఆయన తర్కం. పైకి చూస్తే ఎక్కడా అతుకు కనబడదు. ఆ మాట విన్న తరువాత వారం రోజులు నేను కూడా బావి వంక అనుమానంగా చూశానని రాయవలసి ఉంది.

మా అమ్మ మాత్రం మాట్లాడడం మానేసింది. తన చేతి నీళ్ళతోనే తన బిడ్డ పోయిందని సర్కారు వాళ్ళు కాగితం మీద రాశారు. అంతకంటె ఒక తల్లికి ఏ శిక్ష వేస్తారు? సంత నాడు ఒక బేరగాడు మా కొట్టు ముందునుంచి పోతూ, "వీళ్ళ నీళ్ళు తాగాలంటె ముందుగాల కాటికి కబురు పెట్టుకోవాలె" అని అందరూ వినేటట్టు అన్నాడు. కొందరు నవ్వారు. అమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నాకు అప్పటికి పద్దెనిమిది నిండాయి. ఆ నవ్విన వాళ్ళకు జవాబు చెప్పాలన్నదే నా పట్టుదల. ఎట్లా చెప్పాలో తెలియదు.

కార్తీకంలో వానలు వెనుకపట్టి దారులు ఆరగానే టీకాలాయన వచ్చాడు. ఆయన సంస్థానపు ఉద్యోగి, జగదల్‌పూర్ దిక్కువాడు. ఏటా చలికాలం పల్లెలు తిరిగి పిల్లలకు మశూచి టీకాలు వేసేవాడు. ఆయన కావడి ఊరిలోకి రాగానే పిల్లలు గాదెల వెనుక దాక్కునేవారు. బస మా అరుగు మీదనే. హిందీ, హల్బీ కలిసిన ఆయన తెలుగు విని మా నాన్న ప్రతి యేడూ నవ్వేవాడు. ఆయన ప్రతి యేడూ దానికి కోపగించుకునేవాడు. ఇద్దరికీ అదొక వాడుక.

నేను జరిగినదంతా వరుసగా చెప్పాను. ఆయన బీడీ ఆర్పి అడిగాడు.

"బజార్ల ఎంతమంది పోయిన్రో రాసిన్రు గదా. ఎంతమంది ఉంటరో రాసిన్రా?"

"రాసినట్టు లేదు."

"అయితె అది సగం గిన్తీ బేటా. పై అంకె రాసి కింది అంకె మరిచిన్రు."

ఆయన బస్తాలోంచి చింతపిక్కలు దోసెడు తీసి ఒక పెద్ద కుప్ప, ఒక చిన్న కుప్ప పోశాడు. పెద్ద కుప్పలో నాలుగు, చిన్న కుప్పలో రెండు పుచ్చు పిక్కలు కలిపాడు. మా నాన్న వైపు తిరిగి, "సేఠ్‌జీ, ఏ కుప్ప ఖరాబు?" అన్నాడు.

"నాలుగున్నది," అన్నాడు నాన్న, త్రాసు తుడుస్తూ.

"సరుకు కొనేటప్పుడు గూడ గిట్లనే కొంటరా? అందుకేనా కొట్టు ఇంకా చిన్నగున్నది?"

నాన్న త్రాసు కింద పెట్టి వచ్చి చూశాడు. "సరుకైతే బస్తాకు ఎన్ని పుచ్చులున్నయని చూస్త," అన్నాడు నెమ్మదిగా. తరువాత చిన్న కుప్పను వేలితో చూపించాడు. "ఇదే ఖరాబు."

"మరి మనుషులకు గదే లెక్క పనికిరాదా?"

బజారు ఈ తాలూకాలో పెద్ద కుప్ప. చావులు అక్కడ ఎక్కువ కనబడడంలో వింత లేదు. నాకు అప్పుడే గెలిచినంత ఆనందం కలిగింది. ఆయన నా ఆనందాన్ని ఒక్క మాటతో తుంచేశాడు.

"ఖుషీ పడకు. పల్లెల లెక్క సున్న. సున్నను పదితో భాగించినా వందతో భాగించినా సున్ననే. ఆ సున్న నిలబడ్డదాక నీ బావి మూసే ఉంటది."

అంటే తగవంతా ఆ సున్న దగ్గర ఉంది. గత్తర బజారులో తిరిగి, అదే సంతకు వచ్చే పల్లెలను ఒక్కదానినీ ముట్టకుండా పోయిందా? నిజమైతే మేము తలవంచుకోవలసిందే. కాకపోతే పల్లెలన్నీ కలిసి అబద్ధం చెప్పి ఉండాలి. ఎందుకు చెబుతాయి? దోర్ల వాళ్ళు మా కొట్టులో ఉప్పు గింజ విషయంలో కూడా అబద్ధం ఆడగా నేను చూడలేదు.

ఆ సున్న విడిపోయింది సంత నాడు, మా పెరటిలో.

బస్తరులో ఇద్దరు స్నేహం కట్టుకుంటే ఇక పేరు పెట్టి పిలుచుకోరు. కులం ఏదైనా ఒకరినొకరు 'మహాప్రసాద్' అనే పిలుచుకుంటారు. అమ్మకు అటువంటి నేస్తురాలు ఊరి పక్క వాగుకు అవతలి పల్లెలో ఒక దోర్ల పెద్దావిడ. బజారంతా మా గుమ్మం తొక్కడం మానినా ఆమె మానలేదు. ఆ రోజు అడ్డాకుల మోపు దించి పెరటి గట్టు మీద కూర్చుంది. అమ్మ చాలా రోజుల తరువాత నోరు విప్పి మాట్లాడింది ఆమెతోనే.

"కోడలు రాలేదేంది మహాప్రసాద్?"

"కోడలేది. శ్రావణంల పోయింది గదా."

అమ్మ చేతిలోని చేట ఆగిపోయింది. "ఏమయి పోయింది?"

"ఏమయితది. కక్కుడు, పారుడు. నీ బిడ్డ పోయినట్టే పోయింది."

నేను కొట్టులోంచి లేచి వచ్చాను. "మరి సర్కారు మనిషి వచ్చినప్పుడు ఎవరూ చావలేదని ఎందుకు చెప్పావ్ పెద్దమ్మా?"

ఆమె నన్ను విచిత్రంగా చూసింది. "ఆయన ఇంటింటికి వచ్చి 'ఈ ఇంట్ల' అని అడిగిండు. ఆ ఇంట్ల ఎవ్వలు సావలే. సచ్చిన ఇంట్ల మేము ఉంటమా కొడుకా? అది ఇడిసిపెట్టినం. కొత్తది ఇవతల కట్టినం. ఆ పాతది పడిపోయి గడ్డి మొలిచింది. దాన్నెవ్వలు అడగలే."

చావు జరిగిన ఇంటిని, అందులోనూ ఇటువంటి రోగంతో చావు జరిగిన ఇంటిని, వాళ్ళు విడిచిపెడతారు. నాలుగు రాటలు, తడికెలు, గడ్డి. కొత్తది లేపడానికి వారం పట్టదు. ఇది మాకందరికీ తెలుసు. పుట్టినప్పటినుంచీ ఆ పాడు ఇళ్ళను చూస్తూ పెరిగాము. అయినా మాకు ఎవరికీ తట్టలేదు. బజారులో మావి రాతి పునాదుల ఇళ్ళు, చావు వచ్చినా పుణ్యాహవాచనం చేసి అక్కడే ఉంటాము. ఒకే ప్రశ్నను రెండు చోట్ల అడిగారు. బజారులో అది చావులను పట్టుకుంది. పల్లెలలో చావులు జరిగిన ఇళ్ళే ప్రశ్నకు అందకుండా పోయాయి. అధికారి అడిగినది బతికి ఉన్న ఇళ్ళను మాత్రమే. ఎవరూ అబద్ధం ఆడలేదు. అందరూ నిజం చెప్పగా తప్పుడు లెక్క తయారైంది.

నేను ఈ మాట అరుగు మీదికి వెళ్ళి చెప్పేసరికి టీకాలాయన లేచి నిలబడ్డాడు. అంత పెద్దమనిషి, తలపాగా తీసి మోకాలి మీద కొట్టుకున్నాడు. తరువాత కూర్చుని, "ఇల్లును లెక్కపెట్టొద్దు. ఇల్లు పారిపోతది. పారిపోనిది ఏందో చెప్పు," అన్నాడు.

పారిపోనిది ఏమిటో చెప్పింది అమ్మ. గుమ్మంలో నిలబడి వింటున్నట్టుంది.

"కొత్తల పండుగ విస్తళ్ళు అడుగున్రి," అంది.

కొత్త గింజ తినే పండుగ దోర్ల వాళ్ళకు సంవత్సరానికి గుండెకాయ. ఆ రోజు పొయ్యి చుట్టూ ఎంతమంది ఉంటే అన్ని విస్తళ్ళు పడాలి. చంటిబిడ్డకు కూడా ఒక చిన్న ఆకు వేస్తారు. ఆ ఆకులు కుట్టేది ఇంటి ఆడవాళ్ళు. తన చేతితో కుట్టిన పండుగ విస్తళ్ళు ఎన్నో మరిచిపోయిన ఇల్లాలు ఆ ప్రాంతంలో లేదు. పోయిన యేటి పండుగకు ఎన్ని వేశావు, ఈ యేటి పండుగకు ఎన్ని వేశావు? మొదటిది కింది అంకె. తగ్గిన ఆకులకు కారణం అడిగితే పై అంకె. ఇల్లు ఎక్కడికి కదిలినా పొయ్యి చుట్టూ ఉన్న మనుషులు కదా లెక్క. పైగా పోయినవాళ్ళ పేరు పలకడం వాళ్ళకు ఇష్టం ఉండదు. ఆకులతో అడిగితే పేరు పలకనక్కరలేదు.

టీకాలాయన అమ్మకు నమస్కారం పెట్టాడు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

బయలుదేరే ముందు ఆయన నా చేత కొన్ని కట్టుబాట్లు రాయించాడు. ఏ చావును గత్తర చావు అనాలో ముందే తీర్మానించాలి: శ్రావణానికి అటూ ఇటూ, బియ్యం కడుగునీళ్ళ వంటి విరేచనం, వాంతి, పడక పట్టిన రెండు రోజులలోపు చావు. జ్వరం కాదు, పాము కాదు, పురుడు కాదు. "అడిగినంక ఇది మారిస్తివా, అది లెక్క గాదు, వకాలత్ అయితది," అన్నాడు. బజారులోనూ పల్లెలలోనూ ఒకే ప్రశ్న, ఒకే మాటలలో, ఒకే నోటితో అడగాలి. నేను బావి వాళ్ళ కొడుకును కాబట్టి నేను అడగకూడదు, రాయడం వరకే నా పని. విస్తళ్ళ సంగతి ముందు, ఏ నీళ్ళు తాగారన్నది చివర. నీళ్ళ మాట ముందెత్తితే మనిషి మనసు దాని చుట్టూ తిరిగి, మిగతా జవాబులకు ఆ రంగు పడుతుంది.

ఆయన టీకాల కావడి వెంట నేనూ, దారి చూపడానికీ మాట కలపడానికీ అమ్మ మహాప్రసాదూ బయలుదేరాము. దోర్లీ నాకు వచ్చుననే నా నమ్మకం మొదటి పల్లెలోనే పోయింది.

"నువ్వు మాట్లాడకు కొడుకా," అంది ఆమె. "నీ దోర్లీ ఇంటె కోళ్ళు గూడ నవ్వుతున్నయ్."

మొదటి పొయ్యి దగ్గర జరిగినది నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ప్రశ్న విన్న ఇల్లాలు నోటితో జవాబు చెప్పలేదు. అడ్డాకులు తెచ్చి నేల మీద వరుసగా పరిచింది. కాసేపు చూసింది. వరుసలోంచి ఒక ఆకు తీసి, మధ్యకు మడిచి, చూరులో గుచ్చింది. మరొకటి తీసి మడిచి దాని పక్కనే గుచ్చింది. రెండవది చిన్న ఆకు. మహాప్రసాద్ తగ్గు గొంతుతో నాలుగు మాటలు అడిగి, టీకాలాయనకు తల ఊపింది. నేను రాసుకున్నాను. ఆ తరువాత ప్రతి పల్లెలో, మేము చెప్పకుండానే, ఆడవాళ్ళు అట్లాగే చేశారు. ముందు పల్లె వాళ్ళు చూసి వెనుక పల్లె వాళ్ళకు చెప్పుకుని ఉంటారు. మేము వెళ్ళేసరికి కొన్నిచోట్ల ఆకులు సిద్ధంగా ఉండేవి.

పొయ్యి మొత్తమే ఆరిపోయిన కుటుంబాలు ఉన్నాయి. ఆకులు పరిచేవారే లేరు. వాళ్ళను వదిలేస్తే మళ్ళీ అధికారి చేసిన తప్పే మేమూ చేసినట్టు. పక్క పొయ్యి వాళ్ళను అడిగి రాశాము. విన్న మాట అని తెలిసేటట్టు ఆ వరుసలకు పక్కన వేరే గుర్తు పెట్టాము. టీకాలు తప్పించుకోవడానికి అడవిలోకి పోయిన కుటుంబాల కోసం రెండోసారి, కావడి లేకుండా, వెళ్ళాము.

"దొరకనోడు దొరికినోడి తీరుగ ఉండడు బేటా," అనేవాడాయన. "దొరకలేదంటె దానికి ఏదో వజహ్, ఏదో కారణం ఉంటది."

పల్లెలు ముగించి బజారుకు వచ్చాము. వీధి చివరనుంచి మొదలుపెట్టి ఒక్కొక్క ఇల్లే అడుగుతూ వస్తున్నాము. బజారు వాళ్ళకు కొత్తల పండుగ లేదు గాని, ఆ పండుగ నాడు ఇంట్లో ఎంతమంది అన్నం తిన్నారన్నది అందరికీ గుర్తే. మా ఇంటి ముందుకు వచ్చేసరికి టీకాలాయన తటపటాయించాడు. "ఈ ఇంటి సంగతి నాకు ఎరుకే గదా అమ్మా. రాసుకుంటం లె," అన్నాడు.

"అందరినీ అడిగినట్టే నన్నూ అడుగు," అంది అమ్మ.

ఆయన అడిగాడు. అమ్మ అడ్డాకులు తెచ్చి అరుగు మీద పరిచింది. మహాప్రసాద్ తెచ్చిన మోపులోని ఆకులే. ఒక్కొక్కదాని మీద చేయి ఆనిస్తూ వచ్చి, చివరి చిన్న ఆకు తీసి మడిచింది. మా ఇంటికి గడ్డి చూరు లేదు. ఎక్కడ గుచ్చాలో తెలియక దానిని చేతిలో పట్టుకుని నిలబడింది. మహాప్రసాద్ లేచి ఆ ఆకు తీసుకుని తన కొప్పులో పెట్టుకుంది. రోజంతా అట్లాగే తిరిగింది.

వారం రోజులు కూర్చుని లెక్కలు కూడాము. ఊరికొక వరుస: మొత్తం ఆకులు, మడిచిన ఆకులు, తాగిన నీళ్ళు. బజారులో మడిచిన ఆకులు ఎక్కువే, కాని పరిచిన ఆకులలో వాటి పాలు, అంటే వాటా, చిన్నది. వాగు నీళ్ళు తాగిన పల్లెలలో ఆ పాలు బజారు పాలుకు ఎన్నో రెట్లు ఉంది. అంతటితో టీకాలాయన ఆగనివ్వలేదు. "బజారోళ్ళు వేడి అన్నం తింటరు, మంచిగ ఉంటరు. నీళ్ళు గాకుండ అది కారణమైతె?" అన్నాడు. కనుక పల్లెను పల్లెతో పోల్చాము. ఒకే రకపు తిండి, ఒకే రకపు ఇళ్ళు, నీళ్ళు మాత్రం వేరు. వాగు పైభాగాన, ఇసుక చెలమల నీళ్ళు తాగేవాళ్ళ ఆకులు తక్కువ మడతపడ్డాయి. వాగు కిందిభాగాన, ఆ శ్రావణపు మొదటి చావుల బట్టలు ఉతికిన రేవుకు దిగువన, ఎక్కువ మడతపడ్డాయి. సంత నాడు మా బావి నీళ్ళు తాగిన వాళ్ళకూ తాగని వాళ్ళకూ మధ్య తేడా కనిపెట్టలేకపోయాము.

మాకు ఎదురు వచ్చిన సంగతి కూడా ఉంది. బజారును ఆనుకుని ఉన్న ఒక చిన్న గూడెం మా బావి నీళ్ళే తాగేది. అక్కడ పాలు ఎక్కువగా తేలింది. నేను దానిని పక్కన పెట్టుదామన్నాను. టీకాలాయన కళ్ళద్దాలు తీసి నా వంక చూశాడు.

"చిన్న గూడెం. ఒక్క పొయ్యి పోతె పాలు దుంకుతది. అయినా రాయి. చిన్నది కాబట్టి నమ్మకం తక్కువ అని గూడ రాయి. నువ్వు దాస్తె, దొరికిన రోజు మిగతాదంత అబద్ధమే అంటరు."

రాశాను. బావి నిర్దోషి అని మేము రాయలేదు. 'బావి దోషి అనడానికి తీసిన లెక్క చెల్లదు. మేము తీసిన లెక్కలో రోగం వాగు దిగువన ఎక్కువగా కనబడుతున్నది. ఇది మా జ్ఞాపకాల మీద, ఇరుగుపొరుగు మాటల మీద ఆధారపడినది. సర్కారు మళ్ళీ తీయించి సరిచూసుకోవలెను' అని రాశాము. ఇవే మాటలు. ఈ నాలుగు ముక్కలను నేను ఇప్పుడు కూడా మార్చను. ఆ తరువాత నేను చదివిన చదువులో, మనుషుల రోగాలను లెక్కించే శాస్త్రంలో, మేము అడ్డాకులతో చేసినవాటికి పెద్ద పెద్ద పేర్లు ఉన్నాయని తెలిసింది. పేరు తెలియకముందే పని చేశామన్న గర్వం నాకు ఉంది. దానిని తగ్గించుకోవలసిన అవసరం నాకు కనబడలేదు.

పుష్యంలో లెక్కను కచేరీకి తీసుకువెళ్ళాము. టీకాలాయన ఉద్యోగి అయి ఉండి కూడా తన చేవ్రాలు పెట్టాడు. మహాప్రసాద్ వేలిముద్ర వేసింది. బల్ల దగ్గర కూర్చున్నాయన కాగితాలను అటూ ఇటూ తిప్పి, "పత్తల్ గిన్తీ?" అని నవ్వాడు. పత్తల్ అంటే విస్తరి.

"ఏంది నవ్వు?" అంది మహాప్రసాద్. "మీరు ఇండ్లు లెక్కబెట్టిన్రు, ఇండ్లకు గత్తర వస్తదా? మేము తినేటోళ్ళను లెక్కబెట్టినం."

ఆయన నవ్వు ఆపాడు. "చూస్తాము" అన్నాడు. రసీదు అడిగాను. మళ్ళీ "చూస్తాము" అన్నాడు.

వైశాఖంలో ఎండలు ముదిరి బజారులో నీళ్ళకు కటకట వచ్చినప్పుడు ఒక జవాను వచ్చి కంప తీసి, తడక విప్పాడు. అమ్మ వాకిట్లోకి వచ్చింది.

"కాగితమేది నాయనా?"

"హుకుం అయ్యింది అమ్మా. నోటి హుకుం."

"మూసినప్పుడు కాగితం మీద మూసిన్రు గదా. నా బిడ్డ సావును అందుల రాసిన్రు. తెరిచేది గూడ కాగితం మీదనే తెరవాలె."

దాహం మీద ఉన్న జనం వీధిలో నిలబడి ఉన్నారు. అమ్మ వాళ్ళను చూసింది. వాళ్ళను దాహంతో ఉంచి తన పంతం నెగ్గించుకునే మనిషి కాదు. నాన్న చేత అప్పటికప్పుడు ఒక కొత్త ఇనప బొక్కెన తెప్పించింది. పాత నియమమే, పాత్ర మాత్రం మారింది: ఆ బొక్కెన తప్ప మరొకటి దిగకూడదు. ఆ సంత నుంచే మళ్ళీ అరుగు చివర నిలబడి నీళ్ళు పోసింది. 'కాటికి కబురు' అన్న బేరగాడు కూడా వచ్చి దోసిలి పట్టాడు. అమ్మ అతనికి రెండుసార్లు పోసింది. "నిండ తాగు నాయనా, మళ్ళ దూరం పోవాలె," అంది. అతను తలెత్తలేదు.

కాని తన ఇత్తడి బిందెను ఆమె మళ్ళీ ఆ బావిలో దించలేదు. తన తాగునీటికి శబరి ఇసుకలో చెలమ తవ్వుకుని మట్టికుండతో ముంచుకునేది. వరదల రోజులలో వాననీళ్ళు పట్టుకునేది. "కాగితం వాపసు వచ్చిందాక దిగదు," అనేది. రాలేదు. ఆమె పోయింది. టీకాలాయన పోయాడు, మహాప్రసాద్ పోయింది. బిందె నా దగ్గర ఉంది, చింతపండుతో తోమిస్తూ ఉంటాను. ఊరు దానిని ఇప్పుడు గత్తర బావి అనదు. ఆ పేరు తెలిసినవాళ్ళే లేరు. కాని ఊరు మరిచినది కాగితం మరవదు. ఆ మూట విప్పిన ఏ రోజైనా, ఏ చదువుకున్నవాడైనా, ఒక తల్లి తన బావి నీళ్ళతో తన బిడ్డనూ తన బజారునూ చంపుకున్నదని చదివి నమ్ముతాడు. పక్కన దానిని కాదనే అక్షరం లేదు.

కాబట్టి, పూర్వపు బస్తరు సంస్థానపు కాగితాలు నేడు ఎవరి అధీనంలో ఉంటే ఆ అధికారులకు, శబరి ఒడ్డు బజారు బావి ఇంటివారి కొడుకునైన నేను ఈ క్రింది విధంగా అడుగుతున్నాను. ఒకటి, బావిని మూసిన ఆ ఉత్తరువు, దానికి ఆధారమైన విచారణ కాగితం ఉన్నవా, లేవా? రెండు, ఆ పుష్యమాసంలో మేము ఇచ్చిన విస్తరాకుల లెక్కను వాటికి జతపరిచారా, లేదా? జతపరచకపోతే నా వద్ద ఉన్న నకలు తీసుకుని జతపరచవలెను. మూడు, చావు జరిగిన ఇళ్ళు విడిచివేయబడిన పల్లెలలో నిలిచి ఉన్న ఇళ్ళను మాత్రమే అడిగి తీసిన లెక్క చెల్లునా, చెల్లదా? చెల్లదని ఒప్పుకుంటే ఆ మాటను ఆ ఉత్తరువు అంచుననే, చదివేవాని కంటబడే చోట, రాయించవలెను. చెల్లునని మీరు భావిస్తే కారణాలు తెలుపవలెను, నేను వాటికి బదులు ఇచ్చుకుంటాను.

జవాబు రాతపూర్వకంగా, తేదీతో, చేవ్రాలుతో ఇవ్వవలెను. ఎవరినైనా పంపి నోటిమాటగా చెప్పించవద్దు. నోటిమాటతో ఆ బావిని ఇదివరకు ఒకసారి తెరిచారు. మా అమ్మ బిందె ఇంకా పొడిగానే ఉంది.